గుండె చప్పుళ్ల పొదుపు పథకం

చిదానందమూర్తిగారు క్రీడా వికాస కేంద్రానికి డైరెక్టరుగా రాకముందు శీతల గిడ్డంగుల శాఖలో ఉండేవారు. ఆయన హయాంలో బంగాళాదుంపలు కుళ్లలేదు, మిరపకాయలు రంగు మారలేదు, చింతపండుకి పురుగు పట్టలేదు. ఇంతటి సమర్థుణ్ణి మిరపబస్తాల మధ్య ఉంచడం అన్యాయమని ప్రభుత్వానికి ఎప్పుడో ఒకప్పుడు తోచక మానదు. తోచింది. జీడితోటల మధ్య ఉన్న ఈ కేంద్రానికి పంపించారు. ఇక్కడ బస్తాలకు బదులు పిల్లలున్నారు. పైగా వాళ్లు ఒకచోట ఉండరు, పరుగెడతారు.

వచ్చిన రోజునే ఆయన మైదానం చూసి కంగారుపడ్డారు.

"వీళ్లంతా ఎందుకు రొప్పుతున్నారు?"

పక్కనే ఉన్న పరుగుల కోచ్ పేడాడ అప్పలస్వామి మెడలోని ఈలను చొక్కాలోకి తోసుకుని, "పరిగెడతన్నారు గదండీ" అన్నాడు.

డైరెక్టరుగారు ఆ సంజాయిషీని స్వీకరించలేదు. గిడ్డంగిలో ఏ సరుకైనా వేడెక్కిందంటే అది పాడవుతోందని అర్థం. మనుషుల విషయంలో మాత్రం సూత్రం వేరుగా ఎందుకుంటుంది?

ఆ తరువాతి ఆదివారం ఆయన పత్రికలో ఒక వ్యాసం చదివారు. గొప్ప పరుగువీరులు ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ల గుండె మామూలు మనుషుల గుండె కన్నా చాలా నెమ్మదిగా కొట్టుకుంటుందని అందులో ఉంది. నిజమే. ఏళ్ల తరబడి పరుగెత్తి బలపడిన గుండె ఒక్కో చప్పుడుకి ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి, పని లేనప్పుడు తీరిగ్గా కొట్టుకుంటుంది. పరుగు మొదలయ్యాక మాత్రం అందరి గుండెలాగే అదీ దడదడలాడాల్సిందే. ఈ వివరం తరువాతి పేజీలో ఉంది. డైరెక్టరుగారు పేజీ తిప్పలేదు.

సోమవారం ఉత్తర్వు వెలువడింది. "గుండె నెమ్మదిగా కొట్టుకొనుటయే క్రీడాకారుని శ్రేష్ఠతకు ప్రమాణమని నిర్ధారణ అయినందున, ఇకమీదట పరుగు సమయమున ఏ క్రీడాకారుని గుండెయు నిమిషమునకు నూట నలభై పర్యాయములు మించి కొట్టుకొనరాదు. మించినచో అట్టి గుండె యజమాని బాధ్యత వహించవలెను." ఉత్తర్వుతో పాటు గుండె వేగం చూపించే చేతి పట్టీలు కూడా డబ్బాల్లో వచ్చాయి. పిల్లలకే కాదు, కోచ్‌లకు, వంటవాళ్లకు, ఆఫీసు సిబ్బందికి, అందరికీ కట్టారు.

అప్పలస్వామికి కొత్త డైరెక్టర్లు కొత్త కాదు. ఒకాయన వచ్చి మైదానం చుట్టూ గులాబీలు నాటించాడు, ఇంకొకాయన వచ్చి పీకించాడు. ఇదీ అలాంటిదే, నెల తిరిగేసరికి చల్లారుతుందనుకున్నాడు. కానీ ఈసారి అతనికి తీరిక లేదు. మార్చి ఆఖరి వారంలో జాతీయ సమాఖ్య నుంచి పరిశీలకుడు వస్తాడు. కేంద్రం పంపించిన జాబితాలో ఉన్నవాళ్లని పరుగెత్తించి, జాతీయ పోటీలకి ఎంపిక చేస్తాడు. ఆ జాబితాలో చింతాడ మంగ ఉండాలి.

మంగ ఎనిమిది వందల మీటర్లు పరుగెడుతుంది. పన్నెండేళ్ల వయసులో జీడిపప్పు బట్టీ దగ్గర, తల్లి కోసం అన్నం క్యారేజీ పట్టుకుని బస్సుతో సమానంగా పరుగెడుతుంటే అప్పలస్వామి చూశాడు. తల్లి ఇప్పటికీ ఆ బట్టీలోనే జీడిగింజలు కొడుతోంది. గింజ పెంకులోంచి కారే జీడి రసం అంటి ఆమె వేళ్లు కాలి నల్లబడి ఉంటాయి. మంగకి హాస్టల్లో ఇదే ఆఖరి సంవత్సరం. ఎంపికైతే పెద్ద శిక్షణ శిబిరానికి వెళుతుంది. కాకపోతే సామాను సర్దుకుని ఆ బట్టీకి వెళుతుంది. తల్లి పక్కన ఆమె కోసం ఒక పీట సిద్ధంగానే ఉంది.

కొత్త ఉత్తర్వు ప్రకారం మొదటి పోటీ జరిగింది. మంగ అందరికన్నా చాలా ముందు గీత దాటింది. ఆమె పట్టీ నూట తొంభై పైచిలుకు చూపించి కీచుమని అరిచింది. అందరికన్నా చివర సుభాషిణి అనే అమ్మాయి వచ్చింది. మొదటి మలుపులోనే కాల్లో ముల్లు దిగితే, దాన్ని తీసుకుని, దారిలో స్నేహితురాలితో రెండు మాటలాడి, నడిచి వచ్చింది. ఆమె గుండె నూట నాలుగు. డైరెక్టరుగారు స్వయంగా మైదానంలోకి దిగి సుభాషిణి మెడలో పతకం వేశారు. పాపం, ఆ పిల్ల అది తనకి కాదేమోనని వెనక్కి చూసింది.

"అదేటండీ, మంగ గదా ముందు వచ్చినాది!" అన్నాడు అప్పలస్వామి.

"అప్పలస్వామిగారూ," అన్నారు డైరెక్టరుగారు ఓర్పుగా, "ముందు రావడం, వెనక రావడం అనేవి సాపేక్షాలు. మీరు ఈ చివర నిలబడితే ఆమె ముందు, ఆ చివర నిలబడితే వెనక. గుండె చప్పుడు అలా కాదు, అది అంకె. ప్రభుత్వం అంకెల మీద నడుస్తుంది."

మంగ బూట్లు విప్పి చేత్తో పట్టుకుని హాస్టల్ వైపు వెళ్లిపోయింది. 

పిల్లల తరువాత సిబ్బంది వంతు వచ్చింది. అందరూ కింది నుంచి రెండో అంతస్తులో ఉన్న డైరెక్టరుగారి గది దాకా పరుగున మెట్లెక్కాలి. గుమాస్తాలు ఎక్కారు, పట్టీలు కూశాయి. ఉత్సాహం కొద్దీ డైరెక్టరుగారు తానూ ఎక్కారు. ఆయన పట్టీ అందరి పట్టీలకన్నా గట్టిగా కూసింది గాని, అది సాంకేతిక లోపమని అక్కడికక్కడే తేల్చారు. ఆఖరున అప్పలస్వామి ఎక్కాడు. వయసు యాభై దాటింది, పొట్ట వచ్చింది, పైకి చేరేసరికి మోకాళ్లు పట్టుకుని ఆయాసపడుతున్నాడు. అయినా పట్టీ కిక్కురుమనలేదు. ఎనభై ఎనిమిది.

డైరెక్టరుగారి కళ్లు మెరిశాయి. మధ్యాహ్నానికల్లా సభ జరిగింది. అప్పలస్వామికి శాలువా కప్పి, 'ఆదర్శ హృదయం' అనే బిరుదు ఇచ్చి, రహస్యం చెప్పమని మైకు చేతికిచ్చారు.

అప్పలస్వామి మైకు ముందు నిజం తప్ప ఇంకోటి చెప్పలేడు. అది అతని బలహీనత.

"రహస్యమేటి లేదండీ. నాకు బీపీ, గుండెదడ. డాక్టరమ్మ మాత్ర రాసినారు. దాన్ని బీటా బ్లాకరు అంతారట. అదేసుకున్న కాణ్నించి గుండె పైకి లెగదు. పిల్లల్తో ఒక రౌండు కూడా పరిగెట్టలేకపోతన్నాను."

ఆఖరి వాక్యం చప్పట్లలో కలిసిపోయింది. తానేం చేశాడో అతనికి మరునాడు ఉదయం హాస్టల్ భోజనశాలలో తెలిసింది. పాలు, గుడ్డు పక్కన ప్రతి పళ్లెంలోనూ ఒక తెల్ల మాత్ర ఉంది. దాని పేరు 'ప్రశాంత గుళిక'. వార్డెను ఎదురుగా మింగి, నోరు తెరిచి చూపించాలి.

కేంద్రం వైద్యురాలు పద్మలతగారు ఆ మాత్రల డబ్బా పట్టుకుని విసవిసా డైరెక్టరుగారి గదికి వచ్చింది. అప్పలస్వామి కూడా వెనకే వెళ్లాడు, తన నోటి తొందరపాటుకి తనే సాక్షిగా.

"ఏమండీ, ఇది జబ్బు ఉన్నవాళ్లకిచ్చే మందు! అప్పలస్వామిగారికి అవసరం, ఆయన వేసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి ఎందుకు? పరుగెత్తేటప్పుడు కాళ్లు రక్తం అడుగుతాయి. అది పంపడానికే గుండె వేగం పెంచుతుంది. శరీరం వేగంగా కొట్టుకోమని కబురు పంపిస్తుంటే, ఈ మాత్ర గుమ్మం దగ్గర కూర్చుని ఆ కబురుని లోపలికి పోనివ్వదు. గుండె పాపం ఒక్కో దెబ్బకి కాస్త ఎక్కువ తోసి సర్దుకోవాలని చూస్తుంది. మెల్లగా నడిస్తే సరిపోతుంది. ప్రాణం పెట్టి పరుగెడితే ఎక్కడ సరిపోతుందండీ? కాళ్లు బరువెక్కుతాయి, తొందరగా అలిసిపోతారు. కొందరికి కళ్లు తిరుగుతాయి."

"ఇది నిషిద్ధమైన మందా?" అన్నారు డైరెక్టరుగారు.

"తుపాకీ గురి పోటీల్లో నిషేధం, చెయ్యి వణకదని. పరుగులో నిషేధించలేదు."

"చూశారా!"

"పరుగెత్తేవాడు బుద్ధుండి దీన్ని మింగుతాడని ఎవరూ అనుకోలేదు కాబట్టి నిషేధించలేదండీ!"

డైరెక్టరుగారు ఆవిడ చేతి పట్టీ వైపు చూశారు. నూట పదహారు.

"డాక్టరుగారూ, మీ అభ్యంతరం ఉద్రిక్త స్థితిలో చేయబడినది. నిన్న సాయంత్రమే ఉత్తర్వు ఇచ్చాను. గుండె ఎనభై లోపు ఉన్నప్పుడు చేసిన అభ్యంతరాలే చెల్లుతాయి. శాంతించి రండి."

ఆవిడ వరండాలో కూర్చుని నీళ్లు తాగి, పది నిమిషాలు నెమ్మదిగా ఊపిరి పీల్చి వదిలి, డెబ్బై అయిదుతో మళ్లీ లోపలికి వెళ్లింది. డైరెక్టరుగారి ముఖం చూడగానే పట్టీ ఎనభై దాటింది. మూడుసార్లు ప్రయత్నించి, మూడోసారి డబ్బా ఆయన బల్ల మీద గిరాటేసి వచ్చేసింది.

ఆ కేంద్రంలో కోపం వచ్చినవాడికి నోరు లేదు, నోరున్నవాడికి కోపం రాదు. అభ్యంతరం చెప్పే అర్హత ఎల్లవేళలా ఉన్నవాడు ఒక్కడే మిగిలాడు. అతను పేడాడ అప్పలస్వామి. మాత్ర పుణ్యమా అని కూర్చున్నచోట భూకంపం వచ్చినా అతని గుండె ఎనభై దాటేది కాదు. కానీ ఇరవై ఏళ్ల సర్వీసులో అతను ఏ డైరెక్టరుకీ గట్టిగా ఎదురు చెప్పి ఎరగడు.

మాత్రలతో మైదానం ప్రశాంతమైపోయింది. వంద మీటర్లవాళ్లు వీధి చివరికి పాల ప్యాకెట్టుకి వెళ్లినట్టు వెళ్లేవారు. లాంగ్ జంప్ కుర్రాళ్లు గీత దాకా వచ్చి, ఆలోచించి, ఇసుకలోకి దిగేవారు. ఒకరోజు పక్క తోటలోని ఆవుదూడ ట్రాక్ మీదికి వచ్చి ఆడపిల్లల పరుగులో మొదటి స్థానంలో నిలిచింది. దానికి పట్టీ లేదు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. స్టాప్‌వాచీలు గుండెలను రెచ్చగొడుతున్నాయని వాటిని బీరువాలో పెట్టి సీలు వేశారు.

డైరెక్టరుగారు మాత్రం ఖాళీగా లేరు. మాత్రకి ముందు కేంద్రంలో రోజుకెన్ని చప్పుళ్లు ఖర్చయ్యేవి, మాత్ర తరువాత ఎన్ని అవుతున్నాయి అని లెక్క కట్టించారు. తేడా లక్షల్లో వచ్చింది. దానికి 'గుండె చప్పుళ్ల పొదుపు పథకం' అని పేరు పెట్టి రాజధానికి నివేదిక పంపించారు. అక్కడ ఎవరో మెచ్చుకున్నారు. మిగతా శాఖలు కూడా తమ తమ చప్పుళ్లను పొదుపు చేయాలని సర్క్యులర్ వచ్చింది. డైరెక్టరుగారు దానికి ఫ్రేము కట్టించారు.

ఫిబ్రవరి చివర ఒక సాయంత్రం మంగ అప్పలస్వామి దగ్గరికి వచ్చింది. అతను ఖాళీ గ్యాలరీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మాస్టారూ, ఈ కాళ్లు నాయి కావండీ. ఎవులివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. ఊపిరి తీస్తన్నాను, బలం పెడతన్నాను, గుండి మాత్రం కదల్నంతంది."

"నాకు తెలుసే గుంటా. నాకూ అలగే ఉంతాది."

"మీకు జబ్బు ఉన్నాది. నాకేటున్నాది?"

 ఆ మాత్ర ఈ పిల్ల పళ్లెంలోకి అప్పలస్వామి నోటి నుంచే వచ్చింది. అతని పట్టీ అరవై రెండు చూపిస్తోంది, లోపల మాత్రం సిగ్గుతో ఒళ్లు కాలిపోతోంది. మాత్ర మింగితే మంగ జాబితాలో ఉంటుంది, పరిశీలకుడి స్టాప్‌వాచీ ముందు ఓడిపోతుంది. మానేస్తే వాచీ ముందు గెలుస్తుంది గాని, నూట నలభై దాటినందుకు అసలు జాబితాలోనే ఉండదు. ఏ దారిన పోయినా బట్టీలో ఆ పీట దగ్గరికే చేరుతుంది.

"మా యమ్మ నిన్న ఫోను సేసినాది," అంది మంగ. "బట్టీ యజమానితో మాట్లాడేసిందట. ఏప్రిల్ నుంచి రమ్మన్నాడట."

ఆ మాట విన్న మరునాడు పొద్దున్న అప్పలస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండో అంతస్తుకి మెట్లెక్కాడు. మెట్ల దగ్గర డాక్టరుగారు ఎదురైంది.

"వైద్యం గురించి చెప్పి ప్రయోజనం లేదండీ, నేను చూశానుగా," అంది.

"వైద్యం సెప్పనమ్మా. ఆయనకి తెలిసిన బాసలో సెప్తాను."

డైరెక్టరుగారు అతని పట్టీ చూసి, అరవై నాలుగు ఉండటంతో కుర్చీ చూపించారు. "చెప్పండి. మీ అభ్యంతరం చెల్లుతుంది."

"అభ్యంతరం కాదండీ, చిన్న అనుమానం. మన పిల్లలు బోలెడన్ని సప్పుళ్లు మిగిల్సినారు గదా."

"రాష్ట్రంలో మనదే ప్రథమ స్థానం."

"మార్చి ముప్పై ఒకటి వస్తన్నాది గదండీ. మరి ఆ మిగిలిపోయినవి..."

 డైరెక్టరుగారి ముఖంలో రంగు దిగిపోవడం అప్పలస్వామి కళ్లారా చూశాడు. ప్రభుత్వంలో పనిచేసినవాడికి ఆ తేదీ చెప్పాక ఇంకేమీ చెప్పక్కర్లేదు. కేటాయించినది ఆ లోగా ఖర్చు పెట్టకపోతే మురిగిపోతుంది. మురిగిపోతే ఏం జరుగుతుంది? మీకు అక్కర్లేదన్న మాట, అని వచ్చే ఏడు కోత పెడతారు. శీతల గిడ్డంగిలో ఉండగా ఆయన మార్చి నెలలో, ఖర్చు చూపించడం కోసం, అప్పటికే గడ్డకట్టిన గిడ్డంగికి కూడా అదనంగా ఐసు కొనేవారు.

"వచ్చే ఏడు మన కేంద్రానికి సప్పుళ్లు తగ్గించీమని పైనుంచి రాస్తే, పిల్లల గుండిలు ఎలగ కొట్టుకుంతాయండీ?" అన్నాడు అప్పలస్వామి మెల్లగా.

డైరెక్టరుగారి పట్టీలో అంకె పెరగడం మొదలైంది. నూట ఇరవై, నూట నలభై, ఆ పైన కూత. ఆయన దాన్ని విప్పి సొరుగులో పడేశారు, అక్కడ కూడా కాసేపు కూసింది.

"టైపిస్టుని పిలవండి!"

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. "ఆదా చేయబడిన గుండె చప్పుళ్లను ఆర్థిక సంవత్సరం ముగియు లోపల పూర్తిగా వినియోగించవలెను. ఇందుకు గాను ప్రశాంత గుళికల సరఫరా తక్షణము నిలిపివేయడమైనది. ప్రతి క్రీడాకారుడు తన గుండెను గరిష్ఠ స్థాయిలో కొట్టించి, వినియోగ ధ్రువపత్రము సమర్పించవలెను. జాతీయ పరిశీలకుని ముందు అత్యధిక చప్పుళ్లు ఖర్చు చేయగలవారినే జాబితాలో చేర్చవలెను."

డాక్టరుగారు ఆ కాగితం రెండుసార్లు చదివి, అప్పలస్వామి భుజం తట్టింది. "పిల్లలకి రెండు మూడు రోజుల్లో మందు దిగిపోతుంది. మీరు మాత్రం మీ మాత్ర మానకండి. మీకది నిజంగానే కావాలి."

మార్చి చివర పరిశీలకుడు వచ్చాడు. సన్నగా, నల్లగా, ఎవరితోనూ మాట్లాడని మనిషి. చేతిలో స్టాప్‌వాచీ తప్ప ఇంకేమీ లేదు. షామియానా కింద డైరెక్టరుగారు మైకు పట్టుకుని, "ఖర్చు పెట్టండి! మిగల్చకండి! ఒక్క చప్పుడు కూడా మురిగిపోకూడదు!" అని అరుస్తున్నారు.

ఆడపిల్లలు గీత మీద నిలబడ్డారు. తుపాకీ పేలింది. మంగ మొదటి రౌండులో నాలుగో స్థానంలో, మోచేతులు దగ్గరగా పెట్టుకుని, తలదించుకుని పోతోంది. ఆ పిల్ల భయపడుతోందని అప్పలస్వామికి తెలిసింది. ఇన్నాళ్లూ మాట వినని గుండె ఇవాళ వింటుందో వినదో తెలియదు. రెండో రౌండులో వెనక వైపు మలుపు దగ్గర ఆమె ఒక్కసారి కాళ్లు సాగదీసింది. గుండె విన్నట్టుంది. ఒకరిని దాటింది, ఇంకొకరిని దాటింది. ఆఖరి వంద మీటర్లలో ఆమె ముందు ఎవరూ లేరు. పట్టీ మైదానం అంతా వినబడేలా కూస్తోంది, షామియానా కింద డైరెక్టరుగారు సంతోషంతో గెంతుతున్నారు.

అప్పలస్వామి తనకి తెలియకుండానే ట్రాక్ లోపలి అంచున పరుగెత్తాడు. "లాగే! లాగే మంగీ! లాగెయ్!" పది గజాలు పోయేసరికి కాళ్లు మొరాయించి, గడ్డిలో కూలబడ్డాడు. అక్కడి నుంచే ఆమె గీత దాటడం చూశాడు. పరిశీలకుడు వాచీ చూసుకుని, మళ్లీ చూసుకుని, మొదటిసారి నోరు తెరిచి ఆమె పేరు అడిగాడు.

కేంద్రం చప్పుళ్లన్నీ గడువులోగా ఖర్చయ్యాయని ధ్రువపత్రం వెళ్లింది. మంగ శిబిరానికి వెళ్లింది. బట్టీలో ఆ పీట మీద ఇంకెవరో కూర్చున్నారు. అక్కణ్నించి జాతీయ పోటీలకి వెళ్లిన మంగ, మే నెలలో ఒక మధ్యాహ్నం మాస్టారుకి ఫోను చేసింది. అప్పటికి భోజనాల వేళ, భోజనశాల నిండా జనం ఉన్నారు.

"మాస్టారూ! రెండో స్థానం! ఎండి పతకం! మా యమ్మకి సెప్పీసినాను, ఏడుపే ఏడుపు!"

అప్పలస్వామి ఫోను పట్టుకుని నిలబడిపోయాడు. వంటవాళ్లు గరిటెలతో గిన్నెలు మోగించారు. పిల్లలు కేకలేశారు. గదిలో ఉన్న పట్టీలన్నీ ఒకేసారి కూశాయి. ఒక్క పట్టీ తప్ప.

మరునాడు డైరెక్టరుగారి దగ్గర నుంచి అప్పలస్వామికి మెమో వచ్చింది. అటెండరు కూర్మినాయకులు దాన్ని గ్యాలరీ మెట్ల దాకా తెచ్చి ఇచ్చాడు. "కేంద్రానికి జాతీయ స్థాయిలో రజత పతకం లభించిన శుభ సందర్భమున సిబ్బంది యావన్మంది హృదయములు ఉప్పొంగగా, తమ హృదయము మాత్రము నిమిషమునకు డెబ్బై ఒకటి వద్దనే నిలిచియుండుట రికార్డులలో గమనించడమైనది. ఇది సంస్థ పట్ల తమ నిరాసక్తతను సూచించుచున్నది. తమరు ఏల సంతోషించలేదో మూడు దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను."

అప్పలస్వామి మొదటి వాక్యం చదివాడు. రెండో వాక్యం చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ అలుక్కుపోయాయి. ముక్కు ఎగబీల్చి, మెమోని మోకాలి మీద పరిచాడు. దాని మీద టపటపా చుక్కలు పడి, డైరెక్టరుగారి సంతకం నీలంగా పాకిపోయింది.

"ఏటి మాస్టారూ, ఏడస్తన్నారు?" అన్నాడు కూర్మినాయకులు కంగారుగా. "నానేటి సెప్పాల పైన? జవాబేటి రాస్తారు?"

"రాయడానికేటున్నాదిరా," అన్నాడు అప్పలస్వామి, చొక్కా అంచుతో ముఖం తుడుచుకుంటూ. "కాయితం తడిసిపోనాదని సెప్పీ."